కాశీలో వదిలినవి

గోవిందరాజులు భార్య సత్యభామ ముసలితనంతో చనిపోలేదు. తిండి చాలక చనిపోయింది. హిందూపురం బజారులో ఒక్కరు కూడా ఈ మాట ఒప్పుకోలేదు. ఒప్పుకోమని ఆయన ఎవరినీ అడగలేదు. పొద్దు తూర్పున పొడుస్తుందని ఎవరి చేతనైనా ఒప్పించామా, ఇదీ అంతే.

"పుణ్యాత్మురాలు, ఎవురిచేతా చేయించుకోకుండా పోయింది" అని పలకరింపుకు వచ్చినవాళ్ళు అన్నారు.

"పోలేదప్పా, ఎండిపోయింది. మీరంతా చూస్తానే ఉంటిరి" అన్నాడు గోవిందరాజులు. వచ్చినవాళ్ళు కాఫీ గ్లాసులు సగంలోనే దించి చెప్పులు వెతుక్కున్నారు. ఆ తర్వాత ఆ ఇంటికి పలకరింపుకు రావడానికి జనం జంకారు.

చంపినవాళ్ళు ఎవరన్నది కూడా ఆయన ఎప్పుడో తేల్చేశాడు. మొదటివాడు కాశీ పంతులు. కాశీకి పోయినవాళ్ళు తమకు ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి గంగ ఒడ్డున వదిలి రావాలి. వదిలింది ఇక ఆ జన్మలో ముట్టకూడదు. హిందూపురం వ్యాపారులందరూ ఒకే బస్సులో పోయారు, గంగ దగ్గర కూడా వ్యాపారమే చేశారు. బట్టలంగడి నాగప్ప కాకరకాయ వదిలాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ దాన్ని తిట్టినవాడే. సేవాసమితి కార్యదర్శి అమర్‌నాథ్ డ్రాగన్ ఫ్రూట్ వదిలాడు. దాన్ని ఫోనులో తప్ప చూసినవాడు కాదు. గోవిందరాజులు అసలేమీ వదల్లేదు. "నేను తినేది నేను సంపాదించుకున్నది. గంగమ్మకు ఎందుకియ్యల్ల?" అన్నాడు.

సత్యభామ మాత్రం నిజంగా వదిలింది. ఏమేమి వదిలిందో అప్పుడు చెప్పలేదు, తర్వాత చెబుతూ వచ్చింది. చలికాలంలో అనపగింజల కూర వండితే "అది నేను కాశీలో వదిలేసినా" అంది. జామపండు తెస్తే అదీ కాశీలోనే అంది. ఆ మరుసటేడు చెనక్కాయల వంతు వచ్చింది, ఆ తర్వాత చపాతీ, ఆ తర్వాత మురుకులు. కాశీ మాటకు ఎవరు ఎదురు చెబుతారు? కోడలు ఉషశ్రీ చేతులు జోడించి, అవన్నీ ఆమెకు పెట్టడం మానేసింది. చివరికి ఆమెకు మిగిలింది మజ్జిగన్నం, కాఫీ.

రెండో దోషులు మెచ్చుకున్నవాళ్ళు. ఆమె ముఖంలో ఎముకలు తేలితే తేజస్సు అన్నారు. బంగారు గాజులు జారిపోకుండా వాటికి దారం చుట్టుకుంటే, "చూడండి, ఎంత నాజూకుగా ఉండాదో" అన్నారు. అమర్‌నాథ్ సమితి ఆమెను స్టేజీ ఎక్కించి, మితాహార మాత అని పేరు పెట్టి శాలువా కప్పింది. పాడె మీద కప్పింది కూడా ఆ శాలువానే. కొత్తగానే ఉండింది.

మూడో దోషులు కొడుకూ కోడలూ. అందరూ తిన్నాక సత్యభామ వంటింట్లో ఒక్కతే కూర్చుని తినేది. ఏమి తినేదో, ఎంత తినేదో చూసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. అది వాళ్ళ తప్పేనని గోవిందరాజులు తీర్పు చెప్పేశాడు.

ఆ అమర్‌నాథే ఒకరోజు పొద్దున చింతపండు మండీకి వచ్చాడు. మండీని ఇప్పుడు కొడుకు సాయికృష్ణ నడుపుతున్నాడు. గోవిందరాజులు వాకిట్లో కుర్చీ వేసుకుని, చెనక్కాయలు పళ్ళతో పగలగొట్టి తింటూ, వచ్చేపోయేవాళ్ళకు వంకలు పెడుతూ ఉంటాడు. డెబ్బై దాటినా ఆయనకు ఒక్క పన్ను కదల్లేదు. దేవుడు తనకు సరిగ్గా తూచి ఇచ్చింది అదొక్కటేనని ఆయన నమ్మకం.

"అన్నా, పెనుకొండలో మీటింగు పెట్టినాం. హిందూపురమోళ్ళు, ధర్మవరమోళ్ళు, అందరూ వస్తాండారు" అన్నాడు అమర్‌నాథ్.

"ఏం మీటింగు?"

"పెద్దోళ్ళు సరైన తిండి లేక నీరసించిపోతాండారంట. జనానికి అవగాహన కలిగించల్ల."

"ఎవురికప్పా కలిగించేది? తిననోనికి తినలేదని తెలుసు. పెట్టనోనికి పెట్టలేదని తెలుసు. ఇంకెవురు మిగిలినారు?"

"నీతో మాట్లాడేది కష్టమన్నా."

"పోయినసారి నా పెండ్లాం తినలేదని శాలువా కప్పితివి. ఈసారి తినల్ల అంటాండావు. మధ్యలో ఏమైంది నీకు?"

"బెంగళూరులో మా పెద్ద సమితి ఉండాది గదా, ఈ యేటికి ఈ అంశం ఇచ్చినారు. పోయిన యేడు మొక్కలు నాటేది."

"వాటికి నీళ్ళు పోస్తాండారా?"

"అది ఈ యేటి అంశం కాదు గదన్నా" అన్నాడు అమర్‌నాథ్, నిజాయితీగానే. తర్వాత మాట మార్చాడు. "భోజనాలు బాగుంటాయి. ఒబ్బట్లు చేయిస్తాండాం."

"ఒబ్బట్లంటే మా బావ కథ చెప్పినానా నీకు?"

"చెప్పినావన్నా."

అయినా గోవిందరాజులు చెప్పాడు. ధర్మవరంలో ఉన్న అక్క వసుంధర భర్త, కొత్తగా కట్టించుకున్న పళ్ళసెట్టుతో ఒక పెళ్ళి పంక్తిలో కూర్చున్నాడు. ఒబ్బట్టు కొరికాడు. పళ్ళు ఒబ్బట్టులో ఉండిపోయాయి, నోరు ఖాళీగా వెనక్కి వచ్చింది. పక్కన కూర్చున్న గోవిందరాజులు ఆ ఒబ్బట్టును పళ్ళతో సహా పైకెత్తి, "చూడండప్పా, ఒబ్బట్టే మా బావను కొరికింది" అని పంక్తి అంతటికీ చూపించాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. ఒకాయనకు మజ్జిగ ముక్కులోంచి వచ్చింది. ఈ కథను గోవిందరాజులు ఏళ్ళ తరబడి భోజనానికి కూర్చున్న ప్రతిచోటా చెప్పాడు. అది మొదలుపెట్టగానే సత్యభామ మజ్జిగ తెస్తానని లోపలికి పోయేది.

అమర్‌నాథ్ మర్యాదకు నవ్వాడు. "ఆ అక్కకే అన్నా ఈసారి సన్మానం. ఆమె నియమం చూసి ధర్మవరమంతా దండం పెడతాంది. పక్షి తిన్నంత తింటాదంట. కాశీలో అన్నీ వదిలేసింది గదా, వదినతో పాటు. ఒకే బస్సు."

గోవిందరాజులు పళ్ళ మధ్య చెనక్కాయ పగలకుండా ఆగిపోయింది.

సత్యభామ విషయంలో ఆయనకు మిగిలింది తిట్టడమొక్కటే. అక్క ఇంకా బతికి ఉంది. ఆమె కూడా ఒక శాలువా కప్పించుకుని ఆ దారినే పోయే లోపల, ఆమెకు అన్నం తినిపించాలి.

"వస్తా" అన్నాడు.

"వదిన గురించి రెండు ముక్కలు చెప్పన్నా. తిట్టకుండా చెప్పు."

"చూద్దాం" అని గోవిందరాజులు చెనక్కాయ పటుక్కున కొరికాడు.

పెనుకొండ కొండ కింద ఒక కళ్యాణమంటపంలో మీటింగు. ఆయన బస్సు దిగేసరికి ర్యాలీ నడుస్తోంది. ముసలివాళ్ళకు టోపీలు పెట్టి, చేతికి అట్టలు ఇచ్చి ఎండలో నడిపిస్తున్నారు. "పోషకాహారమే పెద్దల బలం" అన్న అట్ట మోస్తున్న ముసలాయన అట్ట బరువుకే వాలిపోతున్నాడు. టిఫిను పెట్టారా అని అడిగితే, ర్యాలీ అయినాక అన్నాడాయన. ర్యాలీ అయినాక ఫోటోలు తీశారు. ఫోటోలు అయినాక ముఖ్య అతిథి వచ్చేశాడు, ఇక టిఫిను మాట ఎవరూ ఎత్తలేదు.

మంటపం వాకిట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పైన చందాలిచ్చినవాళ్ళ తలకాయలు వరసగా ఉన్నాయి. మధ్యలో ఎవరో తెల్లదొర, పక్కన దొరసాని, ఇద్దరూ పచ్చి ఆకులు తింటూ నవ్వుతున్నారు. ఇద్దరికీ ముప్ఫై రెండు పళ్ళూ ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో బొమ్మ తీయడానికి ఒక్క ముసలి ముఖం దొరకలేదు కాబోలు అనుకున్నాడు గోవిందరాజులు.

నిషాత్ అని ఆహార నిపుణురాలు, చిన్న వయసు అమ్మాయి, తెర మీద బొమ్మలు చూపించి మాట్లాడింది. సాల్మన్ చేప బొమ్మ రాగానే కోమట్ల వరసలన్నీ ముక్కు మూసుకున్నట్టు ముఖాలు పెట్టాయి. "వయసు పెరిగితే తిండి తగ్గించాలనుకోవడం తప్పు. బక్కచిక్కడం ఆరోగ్యం కాదు, నియమం కాదు" అని కూడా ఆ అమ్మాయి చెప్పింది. ఆ మాట ఎవరికీ వినపడలేదు. అప్పటికే చేప గురించి గుసగుసలు మొదలయ్యాయి. ఎవరెంత చిక్కిపోయారో తెలియడానికి ఆమె ముసలివాళ్ళ జబ్బలు టేపుతో కొలుస్తానంటే, టైము లేదమ్మా అని అమర్‌నాథ్ ఆ టేపుతోనే ఫోటో తీయించుకున్నాడు.

అప్పుడు వసుంధరను స్టేజీ మీదికి పిలిచారు.

కోడలు హరిణి చెయ్యి పట్టుకుని ఆమె మెట్లెక్కుతుంటే గోవిందరాజులు చూశాడు. పట్టుచీర మనిషి మీద కాకుండా కొయ్య మీద వేలాడదీసినట్టు ఉంది. చేతికి బంగారు గాజులున్నాయి. వాటికి దారం చుట్టి ఉంది.

హరిణి మైకు తీసుకుని సంతోషంగా చెప్పింది. "మా అత్త కాశీకి పోయొచ్చినప్పటి నుంచీ నోరు కట్టుకుంది. చెనక్కాయలు వదిలేసింది, జామ వదిలేసింది, అనపకాయలు వదిలేసింది. చపాతీ, మురుకులు, జొన్నరొట్టె, అన్నీ గంగమ్మకే."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆకలి మీద ఉన్నవాళ్ళు కూడా కొట్టారు. తిండి సరిపోక ముసలివాళ్ళు నీరసించిపోతున్నారని పెట్టిన మీటింగులో, తిండి మానేసిన ముసలామెకు శాలువా కప్పారు. అందులో తేడా ఉందని మంటపంలో ఒక్కరికీ తోచలేదు. నిషాత్ ఒక్కతే మైకు కోసం చెయ్యి చాపింది. మైకును అప్పటికే ముఖ్య అతిథి పట్టుకున్నాడు.

గోవిందరాజులు వెనక నుంచి పోయి అక్కను పెళ్ళికూతురి గదిలోకి తీసుకుపోయాడు. అద్దం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఎప్పటివో వాడిన పూలు. తలుపు దగ్గరికి వేశాడు.

"పొద్దున ఏమి తిన్న్యావక్కా?"

"తిన్నాలే."

"ఏమి?"

"కాఫీ."

"కాఫీ తినేదా? కాశీలో కాయ ఒకటి, పండు ఒకటి వదలమంటారు. చపాతీ వదలమని ఏ పంతులు చెప్పినాడు నీకు? గంగలో మురుకులేస్తే చేపలు గూడా కొరకవు."

వసుంధర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కొంగు అట్లా పెట్టుకోవడం ఆయన ఎక్కడో చూశాడు. తన ఇంట్లోనే చూశాడు. సత్యభామ ఆఖరి ఏళ్ళలో నోటికి కొంగు అడ్డం లేకుండా నవ్వలేదు. సిగ్గనుకున్నాడు.

"నాయనా గోవిందూ, నీ నోటికి భయపడల్ల. ఎవురికీ చెప్పనంటే చూపిస్తా" అంది వసుంధర.

"చెప్పను."

ఆమె కొంగు ముడి విప్పింది. లోపల చేతిరుమాల్లో చుట్టిన పళ్ళసెట్టు ఉంది.

"కొడుకు కట్టించినాడు. ఒదులు. పెట్టుకుంటే చిగుళ్ళు కోసుకుంటాది, మాట్లాడితే జారతాది. తీసేస్తే బోసినోరు. ఇంటికి కోడలి పుట్టింటోళ్ళు వస్తా పోతా ఉంటారు, వాళ్ళ ముందర ఇది ఊడి విస్తట్లో పడితే?"

"సరిచేయించమని అడుగు."

"మొన్ననే గదా కట్టించింది అంటారు. ఎందుకొచ్చిన గొడవ? నమిలేది ఏది పెట్టినా కాశీలో వదిలేసినా అంటే అయిపోతాది. ఎందుకని ఒక్కరు గూడా అడగరు. దండం పెడతారు."

గోవిందరాజులుకు అది అబద్ధమనిపించలేదు. వ్యాపారస్తుడు వేసే ఎత్తులాగే ఉంది. "ఈ ఉపాయం ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు.

వసుంధర ఆయన ముఖం కేసి చూసి, పళ్ళసెట్టు మళ్ళీ రుమాల్లో చుట్టింది.

"ఇంకెవురు, సత్యభామే."

"దానికి పళ్ళసెట్టు లేదు గదా."

"సెట్టు లేదు. పళ్ళూ లేవు. దవడ పళ్ళన్నీ పోయింటే, నీకు తెలీనే తెలీదా?"

బయట ముఖ్య అతిథి గొంతు మైకులో గరగరలాడుతోంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు గోవిందరాజులు.

"నువ్వు నగుతావని."

కోపం లేకుండానే అంది. కొంగు ముడి బిగించుకుంటూ ఇంకో మాట కూడా చెప్పింది. "ఆ పెండ్లి తర్వాత మీ బావ ఇంక ఏ పంక్తిలోనూ కూర్చోలేదు గోవిందూ. పోయేదాకా కూర్చోలేదు. సత్యభామకు తెలుసు. నువ్వు ఆ కథ చెప్పినప్పుడల్లా తెలుసు."

గోవిందరాజులు లేచి వంటశాల వైపు పోయాడు.

"స్టేజీ మీదోళ్ళది అయినాకనే వడ్డిస్తామయ్యా" అన్నాడు వంటవాడు.

గోవిందరాజులు వాడి కేసి ఒక చూపు చూశాడు. వాడు గరిటె ఇచ్చేశాడు. ఆయన ఒక ఆకులో వేడన్నం పెట్టుకున్నాడు. అనపగింజల కాలం కాబట్టి పితికిన పప్పు సారు చేశారు. ఒక్కొక్క గింజ తొక్కనూ వేళ్ళతో పితికి తీసేసి, లోపలి పప్పుతో చేసే సారు అది. దానికి కూర్చునే ఓపిక ఉండాలి కానీ, తినడానికి పళ్ళతో పని లేదు. నెయ్యి వేసుకుని గదిలోకి వచ్చి, అన్నమూ పప్పూ కలిపి తన చేత్తోనే మెత్తగా పిసికాడు. జీవితంలో ఆయన ఎవరికీ అన్నం పిసికి పెట్టలేదు. చేతకాలేదు కూడా, సగం ఆకు అంచులు దాటింది.

"తిను. నేను చూడను" అని, తలుపుకు అడ్డంగా అక్కకు వీపు పెట్టి నిలబడ్డాడు.

వెనక ఆకు కదిలిన చప్పుడు వినపడింది. చాలాసేపు వినపడింది.

హరిణి అత్తను వెతుక్కుంటూ వచ్చింది. "మామా, ఆ వాసన ఏంది? అత్త అనపకాయలు కాశీలో వదిలేసింది గదా."

"తొక్క వదిలింది. పప్పు వదల్లేదు."

"అట్ల గూడా వదులుతారా?"

"కాశీకి పోయింది నువ్వా, నేనా?"

హరిణి తగ్గింది. "తింటాదని తెలిస్తే నేనెందుకు చెయ్యను మామా? వద్దంటే దేవుని మాట గదా అని ఊరుకున్నా" అంది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు కూడా కనపడ్డాయి. ఆ నీళ్ళకు గోవిందరాజులు విలువ కట్టలేదు. మెల్లగా ఆమె చెవి దగ్గర చెప్పాడు. "పళ్ళు కట్టినోని కాడికి రేపే తీసకపో. ఆమె అడగదు. ఊరికే చూపించుకొస్తామని నువ్వే తీసకపో. వచ్చేదాకా మెత్తగా వండు. ఈ మాట యాడా అనొద్దు, మీ పుట్టింట్లో గూడా."

మైకులో ఆయన పేరు పిలిచారు. స్టేజీ మీద అమర్‌నాథ్ ఆయన చెవిలో "తిట్టద్దన్నా, వదిన గురించి రెండు ముక్కలు" అన్నాడు. కింద కూర్చున్నవాళ్ళు ముఖాలు గట్టి చేసుకున్నారు. ఆయన ఏమంటాడో హిందూపురం వాళ్ళకు కంఠతా వచ్చు.

గోవిందరాజులు మైకు పట్టుకున్నాడు.

"ఆ నిషాత్ పాప చెప్పిన మాట మళ్ళీ వినండి, చేప సంగతి విడిసిపెట్టి. ముసలోళ్ళు వద్దంటే వద్దని కాదు. నమల్లేక కావచ్చు, మింగలేక కావచ్చు, తింటే రాత్రి దొడ్డికి లేచల్ల అని భయం కావచ్చు. అడిగేదానికి సిగ్గు. దేవుని పేరు చెబితే మీరు ఇంక అడగరని వాళ్ళకు తెలుసు. నోరు తెరిపించి చూడండి. మెత్తగా వండి పక్కన కూర్చుని పెట్టండి. ఇంక శాలువాలు ఆపండి. ఈ టోపీలు పెట్టుకున్నోళ్ళు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. అన్నం పెట్టండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టోపీలు పెట్టుకున్నవాళ్ళు మాత్రం లేచి భోజనాల హాలు వైపు నడవడం మొదలుపెట్టారు. వాళ్ళను ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"వదిన గురించి చెప్పలేదన్నా" అన్నాడు అమర్‌నాథ్.

గోవిందరాజులు మైకు అతని చేతిలో పెట్టి దిగిపోయాడు.

ఆ వారం ఆయన బజారుకు పోయి స్వయంగా అనపకాయలు ఏరి తెచ్చాడు. ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే మండీ వాకిట్లో గిన్నె పెట్టుకుని పితకడానికి కూర్చున్నాడు. చెనక్కాయలు పక్కన లేవు. ఒక్కొక్క గింజ వేళ్ళ మధ్య నొక్కితే పప్పు గిన్నెలోకి ఎగిరి పడుతోంది, తొక్క చేతిలో మిగులుతోంది. సాయికృష్ణ కాసేపు చూశాడు.

"ఎవురికి నాయనా?"

"ధర్మవరం బస్సులో పంపల్ల. అక్కకు."

"హరిణి ఫోను చేసింది. అత్త రెండు పూటలా తింటాందంట." సాయికృష్ణ వచ్చి గిన్నె పక్కన కూర్చున్నాడు. "అమ్మ గురించి నువ్వు ఏమీ మాట్లాడలేదంట గదా. అమర్‌నాథ్ ఆశ్చర్యపోతాండాడు. తిండి లేక చచ్చిపోయిందని, మేమే చంపినామని రోజూ అంటాంటివి. ఈసారి ఎందుకు అనలేదు?"

గోవిందరాజులు ఇంకో గింజ తీసుకుని నొక్కాడు. పప్పు గిన్నెలో పడింది.

"మీ అమ్మ ఎట్ల పోయిందో నన్ను అడగొద్దు. నువ్వు గానీ, ఆ అమర్‌నాథ్ గానీ, ఎవురూ అడగొద్దు. ఆ మాట నేను ఇంక చెప్పను. ఎప్పటికీ చెప్పను."